పిల్లల ఆటతో మేలెంత? ఆ లెక్క ఎందుకంత చిక్కు

ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2024 మార్చిలో ఒక తీర్మానం చేసి, జూన్ 11ను అంతర్జాతీయ ఆటల దినంగా ప్రకటించింది. వేసవి సెలవులు ముగిసి మన రాష్ట్రంలో బడులు సాధారణంగా తెరుచుకునేది ఆ మర్నాడే. పిల్లల ఆట గురించి పెద్దలు మాట్లాడుకునే సందర్భం ఏడాదిలో అప్పుడొకసారి వస్తుంది. ఆ మాటల్లో తప్పకుండా ఒక ప్రశ్న దొర్లుతుంది: పిల్లల్ని ఊరికే ఆడుకోనిస్తే ఒరిగేదేమిటి?

నెల్లూరు జిల్లాలోనో ప్రకాశం జిల్లాలోనో ఒక స్వచ్ఛంద సంస్థ బడి మైదానాన్ని సాయంత్రాలు తెరిచి ఉంచాలనుకుంటే డబ్బిచ్చేవారు అడిగేది ఇదే. ప్రధానోపాధ్యాయుడూ, తల్లిదండ్రులూ అడిగేదీ ఇదే. అయితే ముగ్గురి మనసులో ఉన్న జవాబులు వేరు. దాతకు అంకె కావాలి, ప్రధానోపాధ్యాయుడికి మార్కులు పెరగాలి, తల్లికి బిడ్డ దెబ్బలు తగలకుండా ఇల్లు చేరాలి. ఈ మూడింటినీ ఒకే కొలతతో కొలవబోవడం దగ్గరే చిక్కు మొదలవుతుంది.

ఏది స్వేచ్ఛగా ఆడే ఆట, ఏది కాదు

ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 1989లో వచ్చింది. భారతదేశం 1992లో అందులో చేరింది. విశ్రాంతి, తీరిక, ఆట పిల్లల హక్కులని దాని 31వ అధికరణం చెబుతుంది. ఆ అధికరణాన్ని వివరిస్తూ బాలల హక్కుల కమిటీ 2013లో ఒక వ్యాఖ్య వెలువరించింది. పిల్లలే మొదలుపెట్టి, పిల్లలే నడిపి, పిల్లలే రూపమిచ్చే పని ఆట అని అందులోని నిర్వచనం. సరదా, అనిశ్చితి, సవాలు, మార్చుకునే వీలు, ఏ ఉత్పత్తీ ఆశించకపోవడం దాని లక్షణాలని కూడా కమిటీ పేర్కొంది.

ఈ నిర్వచనం ప్రకారం వ్యాయామ ఉపాధ్యాయుడు ఈల ఊది ఆడించే కబడ్డీ స్వేచ్ఛగా ఆడే ఆట కాదు. అది మంచిదే, కానీ వేరే సంగతి. అంకెలు నేర్పడానికి టీచరమ్మ ఆడించే గవ్వలాట కూడా ఈ కోవలోకి రాదు. అదే కబడ్డీని సాయంత్రం పిల్లలు తమంతట తాము గీత గీసుకుని, జట్లు పంచుకుని, విసుగు పుట్టగానే వదిలేసి గోళీలకు దిగితే అది స్వేచ్ఛగా ఆడే ఆటే అవుతుంది.

కొత్తపట్నం తీరం వైపు, సరుగుడు తోపులను ఆనుకుని ఉన్న ఊళ్లలో సాయంత్రం కాసేపు నిలబడి చూస్తే ఇది తెలుస్తుంది. ఇద్దరు ఆడపిల్లలు పెంకుముక్కతో నేలమీద తొక్కుడుబిళ్ళ గడులు గీస్తారు. ఒకరు గీసిన గడి ఇరుకైందని ఇంకొకరు కాలితో చెరిపేస్తారు. మూడో పిల్ల చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని వస్తుంది. దించితే వాడు ఏడుస్తాడు, ఎత్తుకుంటే ఆమె కుంటలేదు. కాసేపు వాదన జరిగి, కొత్త నియమం పుడుతుంది. చంకలో పిల్లాడున్నవాళ్లు రెండు కాళ్లతో నడవవచ్చు, కానీ గీత తొక్కితే ఒకటి కాదు, రెండు సార్లు వంతు పోతుంది. ఆ నియమం న్యాయమా కాదా అన్నదానిపై మళ్లీ వాదన. నాలుగో పిల్ల "తొండి" అని అలిగి పక్కన కూర్చుంటుంది, కాసేపటికి తనే లేచి వస్తుంది.

ఆ కాసేపట్లో బేరం, సర్దుబాటు, న్యాయవిచారణ, అలక, రాజీ అన్నీ జరిగిపోయాయి. పెద్దలెవరూ నేర్పలేదు. వీటిని కాగితం మీదికి ఎక్కించడం ఎలా అన్నదే అసలు ప్రశ్న.

'మేలు' అన్న మాట కింద మూడు వేర్వేరు ప్రశ్నలు

మొదటిది, పిల్లలకు ఆడుకునే వీలు చిక్కిందా? ఎంతమంది, ఎన్ని రోజులు, ఎంతసేపు, ఏ వయసు వాళ్లు, ఎవరు రాలేదు? ఇది లెక్కపెట్టగలిగిన విషయం.

రెండోది, ఆడుతున్నప్పుడు ఏం జరిగింది? ఎంత పరిగెత్తారు, ఎవరితో కలిశారు, ఎలాంటి ఆటలు కట్టుకున్నారు? పరిశోధకులు దీనికి రెండు దారులు వాడతారు. ఒకటి, పిల్లల నడుముకు చిన్న యంత్రం కట్టి కదలికను నమోదు చేయడం. ఇంకోటి, నిర్ణీత సమయాలకు మైదానాన్ని ఎడమ నుంచి కుడికి ఒకసారి చూపుతో తుడిచినట్టు చూసి, ఎందరు కూర్చున్నారు, ఎందరు నడుస్తున్నారు, ఎందరు పరిగెడుతున్నారు అని గుర్తులు పెట్టుకోవడం. రెండూ నిజాయితీ గల పద్ధతులే. కానీ తమ్ముణ్ణి ఎత్తుకుని గడుల్లో మెల్లగా నడుస్తున్న పిల్ల ఆ రెండింటిలోనూ 'తక్కువ కదలిక' గడిలో పడుతుంది. ఆ సాయంత్రం అందరికన్నా ఎక్కువ మాట్లాడి, అందరినీ ఒప్పించి, ఆట నియమాన్నే మార్పించినది ఆమే.

మూడోది, ఆట ముగిశాక ఏం మారింది? ఆరోగ్యం, ధైర్యం, స్నేహాలు, చదువు. అందరూ అడిగేది ఈ ప్రశ్నే, జవాబు చెప్పడం అన్నిటికన్నా కష్టమూ దీనికే. చాలా నివేదికలు మొదటి ప్రశ్నకు సేకరించిన సమాచారాన్ని మూడో ప్రశ్నకు జవాబుగా చూపిస్తాయి. '200 మంది పిల్లలు లబ్ధి పొందారు' అన్న వాక్యం అలాంటిది. 200 మంది వచ్చారన్నది మాత్రమే అక్కడ తెలిసిన సంగతి.

మార్కులు పెరిగాయి సరే, ఆటవల్లేనా?

కావలి దగ్గర ఒక ఊరిని ఊహించుకుందాం. బడి మైదానంలో ఏడాదిపాటు సాయంత్రాలు పాత టైర్లు, తాళ్లు, సరుగుడు కర్రలు, చిరిగిన వలలు పెట్టి పిల్లలను వదిలేశారు. నాలుగో తరగతి పిల్లల లెక్కల మార్కుల సగటు 52 నుంచి 60కి చేరింది. నివేదికలో '8 మార్కుల పెరుగుదల' అని రాశారు.

పక్క ఊళ్లో ఇలాంటి పథకమేదీ లేదు. అక్కడి సగటు అదే ఏడాదిలో 51 నుంచి 58కి వెళ్లిందనుకుందాం. పిల్లలు ఏడాది పెద్దవాళ్లయ్యారు, పాఠాలు జరిగాయి, మార్కులు పెరిగాయి. అక్కడి 7ను ఇక్కడి 8 నుంచి తీసేస్తే మిగిలేది ఒక్క మార్కు. నలభై మంది పిల్లల సగటులో ఒక్క మార్కు తేడా రావడానికి ప్రశ్నపత్రం కాస్త తేలికైనా చాలు, పరీక్షనాడు ఇద్దరు జ్వరంతో పడుకున్నా చాలు.

పక్క ఊరితో పోల్చకుండా, అదే ఊళ్లో మైదానానికి వచ్చిన పిల్లల్ని రానివాళ్లతో పోలిస్తే ఇంకో పొరపాటు జరుగుతుంది. సాయంత్రం రానిది ఎవరు? గేదెలను ఇంటికి తోలుకురావలసినవాళ్లు, తమ్ముళ్లను చూసుకోవలసినవాళ్లు, ఇంటిపని మీద పడ్డవాళ్లు. వాళ్ల మార్కులు తక్కువగా ఉంటే ఆటకు రాకపోవడం వల్ల కాకపోవచ్చు. రానివ్వని పరిస్థితే మార్కులనూ తగ్గించి ఉండవచ్చు.

మన జిల్లాల్లో రుతువులది ప్రత్యేకమైన పేచీ. నెల్లూరు తీరానికి ప్రధానంగా వాన వచ్చేది ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మేలో ఎండ మాడ్చేస్తుంది. మొదటి లెక్క మేలో తీసి, రెండోది జనవరిలో తీస్తే పిల్లల పరుగు తప్పకుండా పెరుగుతుంది. ఆ పెరుగుదలకు కారణం వాతావరణం. ప్రకాశం జిల్లా పొగాకు ఊళ్లలో ఆకు కొట్టి బ్యారన్‌లో, అంటే ఆకును వేడితో ఆరబెట్టే గదిలో, కాల్చే నెలల్లో పెద్దలంతా ఆ పనిలోనే ఉంటారు. పిల్లల సాయంత్రాలు కూడా దాన్నిబట్టే మారతాయి. ఇక కనిగిరి ప్రాంతంలో భూగర్భ జలంలో ఫ్లోరైడ్ సమస్య దశాబ్దాలుగా ఉంది. ఎముకలను, కీళ్లను దెబ్బతీసే ఆ నీటి ప్రాంతపు పిల్లల కదలికను తీరప్రాంతపు పిల్లల కదలికతో పోల్చి పథకం గొప్పతనం చెప్పడం అన్యాయం.

దీనికి పరిశోధకులు ఇష్టపడే పరిష్కారం చీటీ. ఇరవై బడులు ముందుకొచ్చాయి, డబ్బు పదింటికే ఉంది. చీటీలు తీసి పదింటికి ఈ ఏడాది, మిగతా పదింటికి వచ్చే ఏడాది అంటారు. ఎవరికి ముందు అన్నది అదృష్టమే తేల్చింది కాబట్టి రెండు గుంపుల మధ్య ఏడాది చివర కనిపించే తేడాను పథకానికి ఆపాదించడానికి వీలు పెరుగుతుంది. ఒక్క ఊళ్లో నడిచే చిన్న పథకానికి ఇది అందుబాటులో ఉండదు. ఆ సంగతి ఒప్పుకుని నివేదిక రాయడం తప్పేమీ కాదు.

చీటీ పద్ధతి పరిశోధనలు చెప్పినవి

ఆస్ట్రేలియాలోని సిడ్నీలో 12 బడుల్లో, 5 నుంచి 7 ఏళ్ల 226 మంది పిల్లలతో ఇలాంటి ప్రయోగం జరిగింది. ఆట మైదానంలో టైర్లు, డబ్బాలు, గుడ్డలు వంటి ఖరీదులేని సామాను పడేసి, 13 వారాలు పిల్లల్ని తమ ఇష్టానికి ఆడుకోనిచ్చారు. ఫలితాలు 2013లో వెలువడ్డాయి. విరామ సమయాల్లో గట్టి కదలిక సుమారు 2 నిమిషాలు పెరిగింది, కూర్చునే సమయం ఇంచుమించు అంతే తగ్గింది. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదిలే పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. దాని ముందు 2 నిమిషాలు చిన్నదే. కానీ పాత సామానుతో, ఉపాధ్యాయుడి అదిలింపు లేకుండా, బడిలో ఉన్న విరామంలోనే వచ్చిన 2 నిమిషాలవి. ఒకే అంకె ఒకరికి నిరాశ, ఇంకొకరికి ఆశ కావడం ఇలాంటి చోటే కనిపిస్తుంది.

న్యూజిలాండ్ ప్రయోగం ఇంకా ఆలోచింపజేస్తుంది. 16 బడుల్లో సగం బడులు ఆటస్థలాల్లో ఆంక్షలు సడలించి, కాస్త సాహసానికి చోటిచ్చాయి. రెండేళ్ల తర్వాత ఆ బడుల పిల్లల్లో బడిలో సంతోషంగా ఉన్నామన్నవారు ఎక్కువ. తమను తోసేశారని చెప్పినవారూ ఎక్కువే. అయితే ఆ సంగతి ఉపాధ్యాయుడికి ఫిర్యాదు చేసినవారు తక్కువ. దీన్ని ఎలా చదవాలి? తోపులాటలు పెరిగాయి కాబట్టి పథకం చెడింది అనవచ్చు. పిల్లలు తమ తగవులు తామే తీర్చుకోవడం నేర్చారనీ అనవచ్చు. ఫిర్యాదు చేయడానికి జంకారని కూడా అనుమానించవచ్చు. అంకె ఒక్కటే, అర్థాలు మూడు. సంతోషం కూడా పెరిగిందన్న రెండో అంకె పక్కనుంది కాబట్టి నేను రెండో అర్థం వైపు మొగ్గుతాను. కానీ పిల్లలను కూర్చోబెట్టి అడగకుండా మూడోదాన్ని కొట్టిపారేయలేం.

చదువు సంగతికొస్తే మన దేశంలోనే ఒక పెద్ద ఆధారం ఉంది. ఢిల్లీలో 214 పూర్వ ప్రాథమిక కేంద్రాల్లో 1,540 మంది పిల్లలతో నడిపిన ప్రయోగం ఫలితాలు 2017లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. ఆర్థికశాస్త్రంలో తర్వాత నోబెల్ అందుకున్న ఎస్తేర్ డఫ్లో ఆ బృందంలో ఒకరు. అంకెలు, ఆకారాల ఊహ పెంచే ఆటలు ఆడించారు. ఏది ఎక్కువ, ఏది తక్కువ అని చూడగానే చెప్పే నేర్పు పిల్లల్లో పెరిగింది, ఏడాది దాటాక కూడా నిలిచింది. కానీ ప్రాథమిక బడిలో చేరాక పలక మీద చేసే లెక్కల్లో వాళ్లు మిగతావారికన్నా ముందుకు వెళ్లలేదు. అవి పెద్దలు తయారుచేసిన ఆటలు. లెక్కల కోసమే కట్టిన ఆటలే బడి లెక్కలను పెంచలేకపోయినప్పుడు, టైర్లతో దొర్లే పిల్లలకు ఏడాదిలో మార్కులు పెరుగుతాయని దాతకు మాటివ్వడం సాహసం.

నటించే ఆటల గురించి, అంటే బువ్వాలాట, దుకాణం ఆట వంటివాటి గురించి 2013లో అమెరికా మనస్తత్వవేత్త ఏంజలిన్ లిలార్డ్ బృందం అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ వడబోసింది. ఆట వికాసానికి కారణమా, ఉన్న పలు దారుల్లో ఒకటా, లేక వికాసంతోపాటు కనిపించే లక్షణం మాత్రమేనా అన్న మూడు అవకాశాలను పక్కపక్కన పెట్టింది. మొదటిదే నిజమనడానికి చాలా అంశాల్లో ఆధారాలు బలహీనంగా ఉన్నాయని తేల్చింది. ఆటవల్ల మేలు లేదని దీని అర్థం కాదు. మేలు ఉందని రుజువు చేయడానికి చేసిన పరిశోధనల్లో చాలావాటి పద్ధతి పటిష్ఠంగా లేదు.

రూపాయల్లో లెక్క కట్టినప్పుడు

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. 2021లో మారిన నిబంధనల ప్రకారం, ఆ బాధ్యత సగటున 10 కోట్ల రూపాయలకు తగ్గని కంపెనీలు కోటి రూపాయలకు తగ్గని పథకాలపై స్వతంత్ర సంస్థతో ప్రభావ మదింపు చేయించాలి. ఒక ఊరి ఆటస్థలం కోటి దాకా వెళ్లదు. అంటే చిన్న ఆట పథకాలపై చట్టం ఈ మదింపును రుద్దడం లేదు. అంకెల ఒత్తిడి దాతల అలవాటు నుంచి వస్తోంది, కాబట్టి కొలిచే తీరును మాట్లాడుకుని మార్చుకునే చోటు ఉంది.

తేలికైన లెక్క ఒకటి చూద్దాం. అంకెలన్నీ ఊహించినవే. ఏడాది ఖర్చు 3 లక్షల రూపాయలు. సగటున రోజుకు 40 మంది పిల్లలు, రెండు గంటలు, 250 రోజులు. మొత్తం 20,000 ఆట గంటలు. ఒక్కో గంటకు 15 రూపాయలు. వానలు, ఎండలు కలిసి 50 రోజులు మింగేస్తే 16,000 గంటలే మిగులుతాయి, గంట ఖర్చు 18 రూపాయల 75 పైసలు.

ఇప్పుడు అసలు ప్రశ్న అడగాలి. ఈ మైదానం లేకపోతే ఆ పిల్లలు ఏం చేసేవారు? నలభై మందిలో 25 మంది ఎలాగూ వీధిలో అంతసేపూ ఆడుకునేవాళ్లే అయితే, పథకం కొత్తగా ఇచ్చింది 15 మందికి మాత్రమే. 250 రోజుల లెక్కన 7,500 గంటలు, గంటకు 40 రూపాయలు. 15 రూపాయలన్నా 40 రూపాయలన్నా అదే మైదానం, అవే టైర్లు. ఏ ఊహ మీద లెక్క కట్టారో చెప్పకుండా ఖర్చు అంకె మాత్రం చూపిస్తే చదివేవాడికి ఏమీ తెలియదు.

ఇంకో అడుగు ముందుకేసి, మేలుకు కూడా ధర కట్టేవారున్నారు. బ్రిటన్‌లో 2010లో వచ్చిన ఒక ఆర్థిక మదింపు, సాహస ఆటస్థలంపై, అంటే పిల్లలు ఎక్కి, దూకి, తామే కట్టుకుని ఆడే చోటుపై, పెట్టిన ప్రతి పౌనుకూ 1.32 పౌన్ల సామాజిక ప్రయోజనం వస్తుందని అంచనా వేసింది. ఇలాంటి అంచనాలు పిల్లల కదలిక పెద్దయ్యాక ఆరోగ్యంగా మారుతుందని, ఆరోగ్యం వైద్యఖర్చు తగ్గిస్తుందని గొలుసు కట్టి సాగుతాయి. గొలుసులో ప్రతి కొక్కెమూ ఒక ఊహే. పార్కుకా రోడ్డుకా అని బడ్జెట్ తేల్చుకునే అధికారి ముందు ఆట తరఫున మాట్లాడటానికి అలాంటి అంకె పనికొస్తుందన్నది దాన్ని సమర్థించేవారి వాదన, అందులో నిజముంది. అక్కడి జీతాలు, వైద్యఖర్చులపై కట్టిన అంకెను తెచ్చి ఉదయగిరికో పొదిలికో అంటించడం మాత్రం కుదరదు.

కొలతే ఆటను మార్చేసే ప్రమాదం

1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు మనస్తత్వవేత్తలు అమెరికాలో ఒక నర్సరీ బడిలో చేసిన ప్రయోగం ఇక్కడ గుర్తు చేసుకోవలసినది. బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న పిల్లల్లో కొందరికి గీస్తే బహుమతి పత్రం ఇస్తామని ముందే చెప్పారు. వాళ్లు గీశారు, బహుమతి తీసుకున్నారు. తర్వాత ఎవరూ అడగని వేళల్లో మాత్రం బహుమతి ఊసు లేని పిల్లలకన్నా తక్కువసేపు గీశారు. ఇష్టం కాస్తా పనిగా మారింది.

ఆట పథకాలకు ఇది నేరుగా తగులుతుంది. హాజరు శాతం పెరిగితేనే వచ్చే ఏడాది డబ్బు అంటే, నిర్వాహకులు బిస్కెట్లు పంచి పిల్లల్ని రప్పిస్తారు. కదలిక నిమిషాలే కొలమానమైతే, మెల్లగా సాగే అచ్చంగాయలు, వామనగుంటలు, బువ్వాలాట పక్కకు పోయి పరుగుపందేలు మిగులుతాయి. దెబ్బల సంఖ్య సున్నా ఉండాలంటే చెట్టెక్కడం మానిపిస్తారు. మోకాలు దోక్కుపోవడాన్ని, చెయ్యి విరగడాన్ని ఒకే గడిలో రాసే పట్టిక నిర్వాహకుణ్ణి ఆ దారికే తోస్తుంది. బకింగ్‌హాం కాలువ గట్టునో చెరువు పక్కనో ఉన్న ఊరికి నీటి ప్రమాదం నిజమైనది, అక్కడ కంచె ఉండి తీరాలి. కొమ్మ మీంచి మెత్తటి ఇసుకలోకి దూకడం వేరే లెక్క. పట్టికలో ఈ రెంటికీ వేర్వేరు గడులుండాలి.

ఈ ప్రమాదం చూసినవారే ఆటను అసలు కొలవనక్కర్లేదంటారు. హక్కుకు లాభనష్టాల రుజువు అడగరు కదా అని వాళ్ల మాట. ఆ మాట నాకు చాలా దగ్గరిది. అయినా డబ్బు పరిమితం, ఊళ్లు అనేకం. ఒక ఊళ్లో నిజంగా పిల్లలు ఆడుకుంటున్నారా, ఇంకో ఊళ్లో తాళం పడిన గేటు వెనక రంగులు వేసిన జారుడుబల్ల ఎండుతోందా అన్నది తెలియాలి. హక్కు అందిందో లేదో తెలుసుకోవడానికైనా లెక్క కావాలి. అందుకే మూడు ప్రశ్నల్లో మొదటిదాన్ని జాగ్రత్తగా కొలవడం, రెండోదాన్ని చూసి రాసుకోవడం, మూడోదాన్ని పెద్ద పరిశోధనలకు వదిలేయడం చిన్న పథకాలకు తగిన దారి అని నేననుకుంటాను. దీనికి విరుద్ధంగా, ఫలితం చూపని పథకాలకు డబ్బు నిలవదనే అనుభవజ్ఞులూ ఉన్నారు. వాళ్ల భయం కూడా అనుభవంలోంచి వచ్చిందే.

లెక్కలో కనిపించనివాళ్లు

సగటు దాచేసే విషయాల్లో పెద్దది, ఎవరు రాలేదన్నది. నలభై మంది అన్న అంకెను ఆడ, మగ, వయసు, వాడ వారీగా విడదీస్తే, పదేళ్లు దాటిన ఆడపిల్లలు ఎందరున్నారో, ఊరి చివరి కాలనీ పిల్లలు ఎందరున్నారో, వైకల్యం ఉన్న పిల్లలు గేటు దాటగలిగారో లేదో బయటపడుతుంది. దానికి నిపుణులు అక్కర్లేదు, హాజరు పుస్తకంలో నాలుగు గడులు పెంచితే చాలు.

విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం, ఆట సామగ్రి ఉండాలంటుంది. ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు, ఆరు నుంచి ఎనిమిదికి 220 రోజులు, 1,000 గంటలు అని నిర్ణయించింది. ఆడుకునే గంటలకు అలాంటి అంకె అందులో లేదు. బ్రిటన్‌లో భాగమైన వేల్స్ ఇంకో దారి పట్టింది. అక్కడి స్థానిక సంస్థలు తమ ప్రాంతంలో పిల్లలకు ఆడుకునే అవకాశాలు చాలినన్ని ఉన్నాయా అని మదింపు చేయాలనే చట్టబద్ధ బాధ్యత 2012 నుంచి అమల్లో ఉంది. ఆట ఏం సాధించిందని కాకుండా, ఆడే వీలు ఎంతుందని అడగడం ఆ పద్ధతి ప్రత్యేకత.

మన దగ్గర పంచాయతీల అభివృద్ధి ప్రణాళికలకు కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ఇచ్చిన తొమ్మిది ఇతివృత్తాల్లో బాలల స్నేహపూర్వక పంచాయతీ ఒకటి. గ్రామసభకు ముందు ఏ వార్డు సభ్యుడైనా పిల్లల వెంట ఊరంతా నడిచి, ఎక్కడ ఆడతారు, ఎక్కడ ఆడనివ్వరు, ఎవరు తరిమేస్తారు, ఏ దారి దాటడానికి భయం అని అడిగి పటం గీయించవచ్చు. పెద్దలు 'ఆటస్థలం' అని చూపించే చోటూ, పిల్లలు నిజంగా ఆడే చోటూ ఒకటి కాకపోతే, మదింపు మొదలు కావలసింది ఆ తేడా దగ్గరే.